కాళ్ళ మధ్య నుంచి పోయిన బంతి

హిసావోకి విసుగెత్తిపోయింది. ఆశ్రమానికి వచ్చిన ప్రతివాడూ అతని మొహం పరీక్షగా చూసి అదే మాట అడుగుతాడు: "ఆ బంతి వదిలేసింది మీరే కదూ?"

ఒకప్పుడు అతను బేస్‌బాల్ ఆటగాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, నేలబారుగా దూసుకొచ్చే బంతుల్ని ఆపడం అతని పని. చేపలు పట్టే ఊళ్ళో రేవు గోడకి బంతి కొట్టి కొట్టి నేర్చుకున్నాడు. పెద్ద జట్టు పిలిచి మరీ తీసుకుంది. ఆ ఏడాది అతన్ని దాటి బంతి పోవడమే అరుదు. చివరి ఆటలో మాత్రం, చిన్నపిల్లలు పట్టగల బంతి కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. కప్పు చేజారింది. మరుసటి వేసవికి భుజం దెబ్బతింది. జట్టువాళ్ళు మర్యాదగా వంగి నమస్కరించి పంపేశారు. అంతే అతని ఆట.

తల గొరిగించుకుని కొండ మీది జెన్ ఆశ్రమంలో చేరాడు. బంతి మాత్రం వెంటే వచ్చింది. వాకిలి ఊడుస్తుంటే అడిగేవాళ్ళు. బియ్యం కడుగుతుంటే అడిగేవాళ్ళు. మొన్న తండ్రి అస్థికలు తెచ్చినాయన, ఏడుస్తున్నవాడల్లా ఆగి మరీ అడిగాడు.

"ఇక నావల్ల కాదు గురువుగారూ," అన్నాడు హిసావో. "ఈ పీడ నా నెత్తి మీంచి దింపండి. లేదా నన్ను వెళ్ళిపోనివ్వండి."

"చూద్దాంలే," అన్నాడు గురువు గెన్షో, ముల్లంగి తరుగుతూ.

ఆ మధ్యాహ్నమే ఒక బట్టల వర్తకుడు వచ్చాడు. హిసావోని ఎగాదిగా చూశాడు.

"ఎక్కడో చూశానే! ఆ బంతి వదిలేసింది..."

"నేనే," అన్నాడు పక్కనే ఉన్న గెన్షో.

వర్తకుడు ఆ ముసలి గురువు వంగిన నడుం వంక చూశాడు. "మీరా?"

"నేనే. ఇలా వంగాను, అలా పోయింది." ఆయన మోకాళ్ళు వంచి, కాళ్ళ మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి చూపించాడు. "దేశమంతా తిట్టిపోసింది."

వర్తకుడు పగలబడి నవ్వాడు.

హిసావో మొహం కందగడ్డయింది.

"అబద్ధం! ఈయన జన్మలో బంతి ముట్టుకోలేదు. అసలది అలా రాలేదు! ఎడం పక్కగా వచ్చింది, చివర్లో ఎగరాల్సింది ఎగరలేదు. ఈయనకేం తెలుసు? అది నాది! ఆ బంతి నాది!"

వర్తకుడు తెల్లబోయాడు. హిసావో తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

గెన్షో మెల్లగా మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"అలాగా నాయనా," అన్నాడు. "అయితే నీ దగ్గరే ఉంచుకో."