నగారా గుర్రం గుండ్రాయి

ముందుది వెనక, వెనకది ముందు చెప్పినా నవ్వకు తల్లీ. ఈ మధ్య కథలు దారి తప్పుతున్నాయి. అలా పడుకుని ఊఁ కొట్టు.

అనగనగా ఒక కోట ఊళ్ళో ఓ రాజుగారు. ఆయన లాయంలో గుండ్రాయి అని ఒక గుర్రం. స్తంభాల్లాంటి కాళ్ళు, చేటంత గిట్టలు. దసరా నాడు రాజుగారు జమ్మిచెట్టుకు సవారీ వెళ్తే, సైన్యానికి ముందు అదే నడవాలి. దాని వీపుకు అటొక నగారా, ఇటొక నగారా. మధ్యలో నగారా వాయించే హంపన్న కూర్చుని రెండు చేతులా వాయించాలి.

మరి పగ్గాలు ఎవరు పట్టుకుంటారు? వాటిని హంపన్న కాళ్ళకే కట్టేవాళ్ళు. కుడికాలు లాగితే కుడికి, ఎడమకాలు లాగితే ఎడమకు.

పాత నగారా గుర్రం బదులు గుండ్రాయి ఆ ఏడే కొత్తగా వచ్చింది. హంపన్నే ఉలవలు ఉడకేసి పెట్టి, బిడ్డలా సాకాడు. సవారీ దగ్గర పడింది, నడక నేర్పాలి. నగారా మోగిందో లేదో, గుండ్రాయి పోయి గడ్డివాములో దూరింది. అప్పుడు దాని చెవుల్లో దూది పెట్టారు. ఈసారి కూరగాయల అంగట్లోకి పోయింది. ఆ తర్వాత కళ్ళకు గంతలు కట్టారు. ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

లాయం పెద్ద రంగోజీకి ఒళ్ళు మండింది. "బెదురు గుర్రం రా ఇది! సున్నం గానుగ తిప్పడానికి కట్టెయ్!"

"రేపు సవారీ ఒక్కటీ చూడండి దొరా," అని హంపన్న బతిమాలాడు.

"రేపు పక్కకు తిరిగిందో, జమ్మిచెట్టు దగ్గర్నించి నేరుగా గానుగకే!"

ఆ సాయంత్రం హంపన్నకు ముద్ద దిగలేదు. మంచం అంచున కూర్చుని, కంచం మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. పెళ్ళాం తిప్పక్క కసిరింది.

"కాలు ఊపకయ్యా! అన్నం ముందు కాలు ఊపితే లక్ష్మి నిలవదు."

"నేనెక్కడ ఊపానే?"

"మరి అదెవరి కాలు? పక్కింటోళ్ళదా?"

హంపన్న కిందికి చూసుకున్నాడు. చెయ్యి దరువేస్తుంటే కాలు తనంతట తానే ఆడుతోంది. ఆ కాలికే కదా పగ్గం!

"ఓసి నా తల్లీ! అది బెదిరింది కాదే. పాత గుర్రం మొద్దుది, పట్టించుకునేది కాదు. ఇది మాట వినే పిల్ల. నేను ఎటు లాగితే అటు తిరిగింది!"

మర్నాడు సవారీలో హంపన్న కాళ్ళు బిగబట్టుకున్నాడు. మరి ఆపిన దరువు ఎక్కడికి పోతుంది? మెడలోకి పోయింది. గుండ్రాయి గీత గీసినట్టు నేరుగా నడుస్తోంది. జనం ఒకటే నవ్వు. "గుర్రం దర్జా చూడండ్రా! మీదున్నవాడే గంగిరెద్దులా తలూపుతున్నాడు!"

జమ్మిచెట్టు దగ్గర రంగోజీ ఎదురొచ్చాడు. "ఏరా, దీన్ని మన లాయంలోనే ఉంచుకుందామా?"

నగారా ఆపకుండా హంపన్న తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

గుర్రం లాయానికి, కథ కంచికి, మన కళ్ళు నిద్రకి.

ఆయన రంగోజీయో, నాగోజీయో! పొద్దున్నే మీ పెద్దమ్మనడిగి పేర్లు సరిచూడు తల్లీ.