సింహాద్రి లేని సింహాద్రి ఆట

గుమ్మడికొండ అడవిలో తొలి వానలు పడ్డాయంటే జంతువులన్నీ బండరాళ్ల మైదానంలో చేరి ఏదో ఒక వేషాల ఆట ఆడించుకుని చూస్తాయి. ఆ ఏడు ఆట ఆడించే పని నక్క గవరయ్య నెత్తికెత్తుకున్నాడు.

"ఈసారి మామూలు ఆట కాదు. గూఢచారి కథ. మన కుందేలు సింహాద్రి కథ!" అన్నాడు.

ఆ పేరు వినగానే అందరి మొహాలూ మెత్తబడ్డాయి. నిరుడు వేసవిలో వేటగాళ్లు వాగు ఒడ్డున గుడారం వేశారు. నీళ్లకు వెళ్లినవి వెళ్లినట్టే ఉచ్చుల్లో పడ్డాయి. ఏ రేవులో ఉచ్చులున్నాయో తెలియక మిగతావి నాలుకలు ఎండబెట్టుకుని పొదల్లో కూలబడ్డాయి. అప్పుడు సింహాద్రి ఒక్కడే వెళ్లాడు. గుడారం పక్కన ఎండుగడ్డి మోపులో దాక్కుని అంతా చూసి వచ్చాడు. "రాళ్లరేవుకు పొండి, అక్కడ ఉచ్చుల్లేవు" అని చెప్పాడు. అడవి బతికింది. కానీ తిరిగొస్తుంటే తీగ ఉచ్చొకటి అతని కాలు కోసేసింది. ఆ గాయంతోనే పోయాడు.

గవరయ్య సింహాద్రి భార్య నూకాలు దగ్గరికి వెళ్లాడు.

"నూకాలమ్మా, మీ ఆయన కథ ఆడిస్తున్నాం. నువ్వు సరేననాలి."

గడ్డి కొరుకుతున్న నూకాలు ఆగింది. "మళ్లీ ఆయన్ని చూడొచ్చా బాబూ?"

"చూడ్డమేటి! కొండంత చేసి చూపిస్తాను."

"కొండంత ఎందుకులే. ఆయనెంత ఉండేవాడో అంత చాలు."

ఆ మాట పూర్తయ్యేసరికి గవరయ్య సగం దారిలో ఉన్నాడు.

ఇక చూడండి హడావుడి. ఆట ఖర్చుకని ఎలుగుబంట్లు దాచుకున్న తేనె ఇచ్చేశాయి. కోతులు పళ్లు ఇచ్చాయి. అడవిదున్న పోతయ్య మెడ ఒరుసుకుపోయేలా దుంగలు లాగి ఎత్తయిన అరుగు కట్టాడు. అంతా అయ్యాక సింహాద్రి వేషం ఎవరిదని చూస్తే, నెమలి శిఖామణిది!

పోతయ్య నెమ్మదిగా అడిగాడు. "కుందేలు వేషం నెమలికా? గూఢచారంటే ఎవడి కంటా పడనోడు కదరా. ఇంత తోకేసుకుని ఎక్కడ దాక్కుంటాడు?"

"మావా, దాక్కుంటే జనానికేటి కనిపిస్తాది? పింఛం విప్పాడంటే ఈలలు పడాలి."

"మరి కథ?"

"కథ మధ్యలో ఎక్కడో ఉంటాదిలే."

ఆట నాడు మధ్యాహ్నానికే మైదానం నిండిపోయింది. నూకాలు ముందు వరసలో కూర్చుంది. వచ్చేముందు చెవులు శుభ్రంగా నాక్కుని, మీసాలు సర్దుకుంది.

ఆట మొదలైంది. శిఖామణి కొండకొమ్ము మీంచి దూకాడు. కోతులు ఈలలేశాయి. దిగీ దిగగానే ఇరవై తోడేళ్లను తన్నాడు. తన్నిన తోడేలే అటు నుంచి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ తన్నులు తిన్నది. ఆ తరవాత గూఢచారి, ఏ పనీ లేకుండానే, జలపాతం దగ్గర నెమళ్లతో నాట్యం చేశాడు. ఆ తరవాత మారువేషాలు. దుమ్ములగొండి తొడుగు లాగితే లోపల ఎలుగు, ఎలుగు తొడుగు లాగితే లోపల శిఖామణి, శిఖామణి తొడుగు లాగితే మళ్లీ దుమ్ములగొండి.

"ఇప్పుడు ఎవరు ఎవరర్రా?" అంది ఒక ముసలి జింక.

"నాకు మొదట్నుంచీ తెలీదు," అంది పక్కనున్న ముళ్లపంది.

"పైన పటారం, లోన లొటారం," అని గొణిగాడు పోతయ్య.

నూకాలు మాత్రం అరుగు మీంచి చూపు తిప్పలేదు. ఒక్కో వేషం ఆటలోకి వచ్చినప్పుడల్లా మెడ చాచి చూస్తోంది. తన సింహాద్రి కాదని తెలిశాక మళ్లీ ఒదిగి కూర్చుంటోంది.

జనం ఆవులించడం గవరయ్య చూశాడు. ఆట చల్లారుతోందని గాభరా పడ్డాడు. "అరుగు పక్కనున్న మంట పెద్దది చెయ్యండి! బొంగులన్నీ ఒకేసారి పడెయ్యండి!" అని కోతుల మీద అరిచాడు.

పచ్చి వెదురు బొంగులు మంటలో పడి ఢాం ఢాం అని పేలాయి. అచ్చం వేటగాళ్ల తుపాకుల్లాగే పేలాయి. నిరుడు ఆ చప్పుడుకు పిల్లల్ని పోగొట్టుకున్న జింకలు ముందు లేచాయి. వాటి వెనక అందరూ లేచారు. "వచ్చేశార్రోయ్!" అని ఎవరో అరిచారు. అంతే, మైదానం ఖాళీ. దుంగల అరుగు ఒక పక్కకు ఒరిగిపోయింది. అందరికంటే ముందు పరిగెత్తినవాడు గవరయ్య.

పొగ తగ్గాక చూస్తే నూకాలు ఒక్కతే కూర్చుని ఉంది. పరిగెత్తాలని ఆమెకు తోచలేదు. ఆయన ఇంకా రాలేదు కదా.

రేగుపొద లోంచి ఏదో మూలుగు వినిపించింది. వెళ్లి చూస్తే శిఖామణి. పింఛమంతా ముళ్లకు చిక్కుకుపోయింది. ఒళ్లంతా గజగజ వణుకుతోంది.

"ఇలా చూడకమ్మా," అన్నాడు మొహం తిప్పుకుని. "వీరుడి వేషం వేశాను. ఇలా వణుకుతున్నాను."

నూకాలు ఒక్కో ముల్లునూ పళ్లతో కొరికి ఈకలు విడిపించసాగింది. కాసేపటికి నెమ్మదిగా అంది, "మా ఆయనా ఇలాగే వణికాడు బాబూ. ఆట మొదలైనప్పటి నుంచీ ఆయనలాగే ఉన్నావేమోనని చూస్తున్నాను. ఇప్పుడున్నావు."

శిఖామణి తల తిప్పి ఆమెను చూశాడు. "సింహాద్రి భయపడ్డాడా?"

"భయపడకేం? ఆకు రాలితే ఉలిక్కిపడే మనిషి. వెళ్లే ముందు మూడుసార్లు బొరియ లోంచి బయటికెళ్లి మూడుసార్లూ తిరిగొచ్చాడు. 'నావల్ల కాదే నూకాలూ' అన్నాడు. 'పోనీ మానెయ్' అన్నాను. నా మొహంలోకి చూశాడు. నా పెదాలు పగిలి నెత్తురొస్తోంది. ఈసారి వెనక్కి తిరగలేదు. వెళ్లిపోయాడు."

వేటగాళ్లు లేరని తెలిసి ఒక్కొక్కరే సిగ్గుపడుతూ తిరిగొస్తున్నారు. నూకాలు గొంతు విని ఆగిపోయారు. ఆమెది చిన్న గొంతు. వినాలంటే దగ్గరికి జరగాలి. జరిగారు. ఎలుగుబంట్లు కూర్చున్నాయి, కోతులు తోకలు చుట్టుకుని నోరు మూసుకున్నాయి.

"తరవాత?" అంది ముసలి జింక. ఆ రోజు ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు.

"కుంటుకుంటూ వచ్చి మీ అందరికీ రేవు సంగతి చెప్పాడు కదా. మీరంతా పరిగెత్తారు. నేను ఆయన్ని వదిలి ఎలా వెళ్లను? 'నువ్వు తాగొచ్చావా?' అని అడిగాడు. తాగానని అబద్ధం చెప్పాను. 'మూతి పొడిగా ఉందే' అన్నాడు. పొమ్మని పోరుపెట్టాడు. పరుగున వెళ్లి, తాగి, పరుగున వచ్చాను. ఆయనకు అప్పటికే చూపు ఆనడం లేదు. నా మూతికి ముక్కు ఆనించి చూసుకున్నాడు. తడిగా ఉంది. 'హమ్మయ్య' అన్నాడు. అప్పుడు పడుకున్నాడు."

మైదానంలో ఈల లేదు, చప్పట్లు లేవు. తోడేలు వేషం కట్టిన అడవికుక్క ముంగాళ్ల మధ్య మొహం దాచుకుంది.

జనం వెనక నిలబడ్డ గవరయ్య గొంతు సవరించుకున్నాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

"ఇంత మంచి ముక్క నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు.

పోతయ్య అతని వైపు తిరిగి కోపం లేకుండానే అడిగాడు. "నువ్వు అడిగావా?"

గవరయ్య వచ్చి నూకాలు ఎదుట నేల మీద కూర్చున్నాడు.

చెవులు దద్దరిల్లే చప్పుడు జనాన్ని పరిగెత్తిస్తుంది. మనసులోంచి వచ్చిన మాటే వాళ్లను కూర్చోబెడుతుంది.