ఊక చెప్పిన దారి

అనగనగా ఒక కొండకోట. కోట కింద ఒక వాలు నేల. వాలు చివర కుమ్మరివాడ. ఆ వాడ కుండల్లో నీళ్లు తాగుతూ, ఆ వాడ పొగను ఈసడించుకునే రాజొకడు పైన ఉండేవాడు.

ఒకనాడు రాజు తోటల గురువు పెంచలయ్యను పిలిపించాడు.

"ఈ వాలంతా తోట కావాలి. నీ శిష్యులిద్దరికీ చెరి సగం ఇస్తున్నాను. మూడు వానాకాలాలు గడిచేసరికి ఎవరి తోట నిలిస్తే, కింద కుమ్మరివాడ దాకా వాళ్లు చెప్పినట్టే చేయిస్తాను," అన్నాడు.

ఒక శిష్యుడు మంత్రి కొడుకు చంద్రహాసుడు. రెండో శిష్యురాలు కుమ్మరుల పిల్ల ఓబులమ్మ.

చంద్రహాసుడు మేడ మీద కూర్చుని పట్టుగుడ్డ మీద తోట గీశాడు. కుమ్మరివాడ ఉన్నచోట ఇల్లూ లేదు, మనిషీ లేడు. ఒట్టి పచ్చిక గీశాడు. అది చూసి ఓబులమ్మ గురువు దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, నేనూ ఇప్పుడే గీసేస్తాను!"

"వద్దు తల్లీ," అన్నాడు పెంచలయ్య. "ముందు నేల మీద ఊక చల్లు. నీళ్లు ఎటు పోతాయో అదే చెబుతుంది. ఎండ ఎక్కడ మండుతుందో, జనం ఎటు నడుస్తారో చూడు. ఆ మూడూ తెలిశాకే పార పట్టు."

మొదటి వానాకాలమంతా ఓబులమ్మ ఊక చల్లింది, చూసింది.

"ఏమే, కోళ్లకు మేత వేస్తున్నావా?" అని చంద్రహాసుడు గేలి చేశాడు. అతని సగంలో అప్పటికే తిన్నని బాట, తెల్లని అడ్డుగోడ, గులాబీలు. ఓబులమ్మ ఇంకో గుప్పెడు ఊక చల్లింది.

వాన వెలిశాక ఊకంతా ఒక పల్లంలో చేరింది. అక్కడ కుంట తవ్వింది. ఆడవాళ్లు బిందెలతో నడిచే వంకర దారిని వంకరగానే ఉంచి రాళ్లు పరిచింది. ఎండ మండేచోట కానుగలు నాటింది.

రెండో వానాకాలం నీళ్లు తెల్లగోడను కూల్చాయి. "నీళ్లకు బుద్ధి చెబుతాను!" అని చంద్రహాసుడు ఇంకా ఎత్తుగా కట్టాడు.

మూడో వానాకాలం గోడా పోయింది, గులాబీలూ పోయాయి. ఓబులమ్మ కుంట నిండి, మిగిలిన నీరు మెల్లగా పక్కనున్న వాగులోకి పోయింది.

రాజు కానుగ నీడన నిలబడి అడిగాడు. "గెలిచావు. కింద ఏం వేస్తావు?"

"ఏమీ వేయను ప్రభూ. మా వాడ ఉంటుంది."

రాజు మొహం చిట్లించాడు. "మరి ఆ పొగ?"

ఓబులమ్మ బతిమాలలేదు. కుంటలోంచి దోసెడు ఒండ్రు తీసి చూపించింది.

"ఏటా ఇందులో మోకాలి లోతు ఒండ్రు చేరుతుంది. ఎత్తకపోతే కుంట పూడిపోతుంది, తోట కొట్టుకుపోతుంది. మాకిది కుండల మట్టి. మమ్మల్ని ఇక్కణ్నుంచి లేపేస్తే ఈ బురద ఎవరు ఎత్తుతారు?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి తన జరీ చెప్పుల వైపు చూసుకున్నాడు.

"వాడ ఉండనీ," అన్నాడు రాజు చివరికి.

అది దయ కాదు. ఓబులమ్మ దయ అడగనూ లేదు.

నేలనూ, దాని మీద బతికేవాళ్లనూ అడగకుండా మేడ మీద గీసిన గీత ఏనాటికీ నిలవదు.