కొండముచ్చు దాచిన ఏడు ఉండలు

అనగనగా, మూడు వాగులు కలిసే చోట ఒక అడవి. ఆ అడవిలో అలుగు అవ్వ వైద్యం చేసేది. అలుగంటే తెలుసుగా పిల్లలూ, ఒంటినిండా పెంకులుండి, గోళ్లతో నేల తవ్వే జంతువు. తవ్వగా తవ్వగా అవ్వకు ఒక సంగతి తెలిసింది. ఒక పుట్ట పక్క మట్టిలో కంటికి కనపడని బుల్లి జీవులున్నాయి. వేరేవాళ్లు తమ చోటికి రాకుండా అవి ఒక రసం తయారుచేసుకుంటాయి. పుండును కుళ్లబెట్టే క్రిములు ఆ రసానికి చచ్చిపోతాయి. అవ్వ ఆ రసం తీసి ఉండలు కట్టేది.

ఒకరోజు గవరయ్య అనే కొండముచ్చు కాలికి ముల్లు దిగి చీము పట్టింది. కుంటుకుంటూ వచ్చాడు.

"రోజుకొక్కటి, పది రోజులు," అంది అవ్వ పొట్లం ఇస్తూ. "నొప్పి పోయినా ఆపొద్దు."

మూడో రోజుకి వాపు తగ్గింది. నాలుగో రోజు గవరయ్య మిగిలిన ఏడు ఉండలనీ ఆకులో చుట్టి తొర్రలో దాచాడు.

"తగ్గిన రోగానికి మందెందుకు? ఇంకెవరికైనా పనికొస్తుంది," అన్నాడు. చూశారా, ఎంత దయో.

ఆ దయ మొదట దుమ్ములగొండికి అందింది. దానికి జలుబు.

"రెండు వేసుకో మామా. నా కాలికి బాగా పనిచేసింది."

"ముక్కుకి పనిచేస్తుందంటావా?"

"అంత పెద్ద కాలికే పనిచేసింది. నీ ముక్కెంత?"

నిజానికి జలుబు తెచ్చే క్రిములది వేరే జాతి. ఈ మందు వాటినేమీ చెయ్యలేదు. వారానికి జలుబు దానంతట అదే పోయింది. పేరు మాత్రం గవరయ్యకొచ్చింది. అడవంతా అతన్ని 'డాక్టరుగారూ' అని పిలవసాగింది.

తర్వాత నెమలి వచ్చింది. దాని ఈకల్లో మెరుపు తగ్గిందట. డాక్టరుగారు ఇచ్చిన నాలుగు ఉండలూ ఒకేసారి మింగింది. చెవుల్లో ఒకటే హోరు.

"హోరంటే మందు ఎక్కిందన్నమాట," అన్నాడు గవరయ్య తల పంకిస్తూ.

ఆ సాయంత్రం నెమలికి ఉరుములు వినపడలేదు. వాన వెలిశాక తీరిగ్గా నాట్యం మొదలుపెట్టింది.

ఇంతలో గవరయ్య కాల్లో ఏం జరుగుతోందో తెలుసా? మూడు రోజుల మందుకు మెత్తటి క్రిములన్నీ చచ్చాయి. మొండివి మిగిలాయి. "పది రోజులని భయపడ్డాం. ఈయన ఎంత మంచివాడో, మూడు రోజులకే వదిలేశాడు," అనుకున్నాయి. తమలాంటి మొండి పిల్లల్నే కన్నాయి.

పుండు మళ్లీ లేచింది. గవరయ్య దాన్ని గోక్కుని, అదే చేత్తో కూతురు చిట్టి మోకాలి మీది గాయం తుడిచాడు.

రెండు రోజులకు చిట్టి మోకాలు బూరెలా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. గవరయ్య తొర్రలోని చివరి ఉండ వేశాడు. ఏమీ కాలేదు. పిల్లను ఎత్తుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాడు. అవ్వ తాజా ఉండలు వేసింది. వాటికీ జ్వరం దిగలేదు.

"నీకిచ్చిన పదీ వేసుకున్నావా?" అంది అవ్వ.

గవరయ్య తల దించుకుని జరిగినదంతా చెప్పాడు.

"మెత్తవాటిని చంపి మొండివాటికి చోటిచ్చావు నాయనా. ఇప్పుడు పిల్ల మోకాల్లో ఉన్నవి వాటి సంతానం. నా మందుకు లొంగవు."

"ఇంకో మందు లేదా అవ్వా?"

"ఇంకో మట్టి దొరికితే ఉంటుంది. నేల చాలా ఉంది. తవ్వేదాన్ని నేనొక్కదాన్నే."

అవ్వ కొండవైపు వెళ్లింది. దుమ్ములగొండి, నెమలి పరామర్శకు వచ్చాయి.

"మీరే డాక్టరు కదా, మీకు దిగులెందుకు?" అంది దుమ్ములగొండి. నెమలికి ఆ మాట వినపడలేదు గానీ, అవునన్నట్టు తలూపింది. గవరయ్య పిల్ల నుదుటి మీద తడి ఆకులు మార్చాడు.

ఆరో రోజు అవ్వ విరిగిన గోళ్లతో తిరిగొచ్చింది. మూడు రకాల మట్టి తెచ్చింది. రెండింటి రసం పనిచెయ్యలేదు. మూడోది పనిచేసింది. జ్వరం దిగింది. కానీ ఆ మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. చిట్టి ఇక పైకొమ్మలకు దూకలేదు.

అవ్వ ఈసారీ చిట్టికి పది ఉండలే ఇచ్చింది, గవరయ్య పుండుకి ఇంకో పది. ఐదు అయ్యాక చిట్టి మూతి ముడుచుకుంది. "నాకు తగ్గిపోయింది నాన్నా. చేదు. ఇంక వద్దు."

గవరయ్య మోకాలు చూశాడు. వాపు లేదు. ఆకులో ఇంకా ఐదు ఉన్నాయి.

"నోరు తెరువమ్మా," అన్నాడు.

నీతి: మందు ఎప్పుడు ఆపాలో నొప్పిని అడక్కూడదు, వైద్యుణ్ణి అడగాలి. సగంలో ఆపి మిగిల్చిన మందు ఇతరులకు పంచడం దయ కాదు.