చుట్టూ రాని పట్టెడ

ఇలా దగ్గరికి జరుగు అమ్మలూ. దుప్పటి కప్పుకో, చెబుతాను.

అనగనగా నగల కొట్లున్న ఒక ఊళ్ళో బుల్లెమ్మ అని ఒకావిడ ఉండేది. మహా బిడియం మనిషి. కొట్లో ఏదన్నా అడగాలంటే గుమ్మంలోనే చెమటలు పట్టేసేవి. ఆవిడ మెళ్ళో దారానికి చిన్న బిళ్ళొకటి వేళ్ళాడుతుండేది. దాని మీద చిలక, రెండు పక్కలా కన్నాలు. చిన్నప్పుడెవరో దిష్టికి కట్టారనుకునేది. దిష్టి బిళ్ళకి రెండు పక్కలా కన్నాలెందుకో మాత్రం ఆవిడకి తెలిసేది కాదు.

బుల్లెమ్మకి ముసలి తల్లి ఉంది. కళ్ళు కనబడవు. ఒకరోజు ఆ తల్లి మెడ తడుముకుని, "నా పట్టెడ ఏదే?" అంది.

పట్టెడ అంటే మెడకి అంటుకుని ఉండే నగ. నడుముకి వడ్డాణం ఎలాగో, మెడకి అది అలాగ. బిళ్ళ పక్కన బిళ్ళ గుచ్చి, వెనకాల పట్టుతాడు ముడేస్తారు.

అదెప్పుడో పోయింది. బుల్లెమ్మ చంటిపిల్లప్పుడు ఉప్పెనొచ్చి ఇల్లు కొట్టుకుపోతే వాళ్ళ నాన్న అమ్మేశాడు. ఆ సంగతి చెబితే తల్లి వింటేనా! "అది తెచ్చిందాకా ముద్ద ముట్టను" అని కూర్చుంది.

"ఎలా ఉంటుందమ్మా అది?"

"మెడ చుట్టూ రాదు. మెడకి నిండుగా ఉంటుంది."

చుట్టూ రానిది నిండుగా ఎలా ఉంటుంది? మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. బుల్లెమ్మకి అంతా అయోమయం.

అప్పుడు మొదటి కొట్టుకెళ్ళింది. "పాత పట్టెడ కావాలండీ... చుట్టూ రానిది" అంది నేల చూస్తూ. కొట్టాయన పకపకా నవ్వాడు. "చుట్టూ రానిదాన్ని ఏం చేసుకుంటావమ్మా? ఇదిగో, రాణీగారి కాలం నాటిది. అప్పట్లో అన్నీ ముత్యాలే. ఇంట్లో చూపించి రా" అన్నాడు. తల్లి తడిమి చూసింది. "చుట్టూ వచ్చేసింది. నాది కాదు."

ఆ తర్వాత రెండో కొట్టుకెళ్ళింది. ఆ కొట్టాయన, "రాణీగారి కాలంలో ముత్యాలెక్కడివి? అన్నీ కెంపులే" అని కెంపుల పట్టెడ ఇచ్చి పంపాడు. తల్లి మెడకి పెట్టుకుని, "ఇదీ వచ్చేసింది. ఊపిరాడ్డం లేదు, తీసెయ్" అంది.

ముత్యాలా, కెంపులా? రాణీగారిని అడుగుదామంటే ఆవిడెప్పుడో పోయింది. తల్లి మాత్రం మూడు రోజులుగా మజ్జిగ మీదే ఉంది. గొంతు పీలగా అయిపోయింది. బుల్లెమ్మకి భయం పట్టుకుంది.

అప్పుడు వీధి చివర, నగలకి పట్టుతాళ్ళు పేనే కనకాయమ్మ దగ్గరికెళ్ళింది. "చుట్టూ రాని పట్టెడ..." అని నసిగింది. కనకాయమ్మ నవ్వలేదు. రేకు పెట్టెలోంచి ఒకటి తీసింది. నాలుగే బిళ్ళలు. మిగతా అంతా తాడే.

"మీ అమ్మకి ఎంతమంది ఆడపిల్లలే?"

"ముగ్గురం. నేనే ఆఖరు."

"మరింకేం! ఏడు బిళ్ళలది ఇది. మన ఊళ్ళో వెనకటికి ఆడపిల్ల పుడితే, తల్లి తన పట్టెడలోంచి ఒక బిళ్ళ తీసి పిల్ల మెళ్ళో కట్టేది. పిల్లలు పుట్టేకొద్దీ పట్టెడ పొట్టిదయ్యేది, తాడు పొడుగయ్యేది. కొట్లవాళ్ళకేం తెలుసు, సగం నగ అని నా మొహాన పడేసి పోయారు."

బుల్లెమ్మ చెయ్యి మెడ మీదికి పోయింది. దారం పైకి లాగి చూసుకుంది. తన బిళ్ళ మీద చిలక, ఆ నాలుగింటి మీదా అదే చిలక! పక్క కన్నాలు దేనికో అప్పుడు తెలిసింది.

చెవుల దుద్దులు తీసి కనకాయమ్మ చేతిలో పెట్టేసి, ఇంటికి పరుగెత్తింది.

తల్లి వేళ్ళతో లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." ఆ తర్వాత చెయ్యి చాచి బుల్లెమ్మ మెడ తడిమింది. "అయిదు. మిగతా రెండూ అక్కల దగ్గరున్నాయి" అంది.

"నాది కూడా తీసి ఇందులో గుచ్చెయ్యనా అమ్మా?"

"ఛా! నిన్ను తీసి మళ్ళీ నా పొట్టలో పెట్టుకుంటానా? అన్నం పెట్టవే, ఆకలేస్తోంది!"

ఆ బుల్లెమ్మే అమ్మలూ, మా అమ్మ. నేను పుట్టాక ఆ నాలుగూ మూడయ్యాయి. మీ అమ్మ పుట్టాక రెండయ్యాయి. నువ్వు పుట్టాక నా దగ్గర ఒక్కటే మిగిలింది. ఒక్క బిళ్ళనీ బారెడు తాడునీ పట్టెడ అనొచ్చా అంటే, ఏమో, నాకూ తెలీదు. నేనైతే అలాగే అంటాను.

ఏదీ, నీ మెళ్ళో దారం పైకి లాగు. చిలక ఉందా? ఉంది కదూ. ఇక పడుకో.

కథేమో కంచిదారి పట్టె,
కునుకేమో కంటిరెప్ప తట్టె,
చిలకేమో మెడలోన గూడు కట్టె,
చిట్టితల్లి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టె.