అన్న చేతి కొలత

వెనకటికి ఒక రాజుగారు. ఆయన రాజ్యం ఎంతో నాకు తెలియదు గానీ, కొడుకులు మాత్రం ముగ్గురు. పెద్దవాడు వజ్రమల్లుడు గురిపెట్టాడంటే తిరుగులేదు. నడిమివాడు భీమమల్లుడు వంటశాల దాటి వచ్చేవాడు కాదు. చిన్నవాడు చిట్టిమల్లుడికి బాణాలు చెయ్యడం సరదా. కర్రను సన్నగా చెక్కి, నిప్పు సెగ చూపి, వంపు తీసి, లక్క పూసి, తోకకు మూడు గద్ద ఈకలు కట్టేవాడు. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. అటువైపుది ఒక్కటి కలిసినా బాణం దారి తప్పుతుంది. అందుకని కుడివి ఒక బుట్టలో, ఎడమవి ఒక బుట్టలో దాచుకునేవాడు.

రాజు ఆ బాణాలను వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు. వజ్రమల్లుడికి కడుపు మండిపోయేది. పులిని కొట్టి తెచ్చిన రోజున కూడా తండ్రి "మంచిది నాయనా" అని, మళ్లీ చిన్నవాడి బాణమే చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ పూట పెద్దవాడికి అన్నం సయించలేదు.

ఇలా ఉండగా, వజ్రమల్లుడికి ఇవ్వాలనుకున్న మేనమామ కూతురు కనకలేఖను ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకకు గురిపెట్టి తప్పినవాడు రాయైపోతాడు. చిలకను కొట్టినవాడికే పిల్లా, రాజ్యమూ అన్నాడు రాజు.

చిట్టిమల్లుడు పొడుగాటి బాణం ఒక్కటి చేసి అమ్ములపొదిలో పెట్టుకున్నాడు. అది వజ్రమల్లుడి కంటబడింది. నాన్నను లాక్కున్నాడు, ఇక పిల్లనూ లాక్కుంటాడు అనుకున్నాడు. ఎవరూ చూడకుండా దాని ఎడమ ఈకల్లో ఒకటి పీకేసి, కుడివాటి బుట్టలో ఈక కట్టేశాడు.

రాలిన ఈకలే ఏరుకుంటాడు తప్ప పక్షిని కొట్టడని చిట్టిమల్లుడంటే కోట బురుజు మీద ఉండే ఒక పెద్ద గద్దకు ప్రేమ. భీమమల్లుడు వంటశాల వదల్లేదు గనక మిగతా ఇద్దరినీ వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దారి పొడుగునా చిన్నవాడితోనే కబుర్లు. పెద్దవాడికి దాని మీదా కుళ్లే.

తీరా దిగి చూస్తే చిటారు కొమ్మన చిలక ఉంది. ఉప్పుగాలికి పెద్దవాడు వెంట తెచ్చుకున్న ఆయుధశాల బాణాలన్నీ చెమ్మెక్కి వంగిపోయాయి. లక్క పూసినది ఒక్కటే నిటారుగా ఉంది. చిట్టిమల్లుడు దాన్ని అన్న చేతికిచ్చాడు.

"నువ్వు కొట్టవా?"

"అంత పొడుగు నా చేతికి అందదన్నా. నువ్వు కునుకు తీస్తుంటే దారంతో నీ చెయ్యి కొలుచుకుని చేశాను. వదినను తెచ్చేది నువ్వే గదా."

వజ్రమల్లుడు బాణం అందుకున్నాడు గానీ వింటికి తొడగలేదు. కొడితే రాయవుతాడు. కొట్టకపోతే కనకలేఖ దక్కదు. చెబితే తమ్ముడి ముందు తలెత్తుకోలేడు. అంతలో చిలక ఎగరబోతూ రెక్కలు విదిల్చింది.

"ఇందులో ఈక మార్చానురా. నీ మీద ఏడ్చి మార్చాను" అన్నాడు.

చిట్టిమల్లుడి మొహం చిన్నబోయింది. కాసేపు ఆ ఈకనే చూశాడు. "ముడి కూడా సరిగ్గా వెయ్యలేదన్నా" అని విప్పాడు. గద్ద చిలక ఎగరకుండా పైన చుట్లు తిరుగుతూ తన ఎడమ రెక్క ఈక ఒకటి రాల్చింది. తమ్ముడు కట్టాడు, అన్న కొట్టాడు. చిలక నేలరాలింది, మాంత్రికుడు ఎక్కడివాడక్కడే కూలాడు.

వజ్రమల్లుడు కనకలేఖను పెళ్లాడి చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. కొలువుకు వచ్చినవాళ్లందరికీ తండ్రిలాగే తానూ తమ్ముడి బాణాలు చూపించేవాడు. చూపించినప్పుడల్లా కడుపులో కాస్త మండేది. అయినా చూపించడం మానలేదు.