గడప దగ్గర చేతులు

పని ముగించుకుని వచ్చి, ఎదురుగా చేతులు చాపుతున్న కన్నబిడ్డను ముట్టుకోవడానికి భయపడ్డవాళ్లు మీలో ఎందరున్నారు? చేతులెత్తి చూపనక్కర్లేదు. ఎత్తాల్సిన చేతులు ఈ పూట మిరప కొట్లలో తొడిమలు తీస్తున్నాయి.

ఆ కొట్ల వెనక సందులో ఒక గది ఉంది. దీనమ్మ టీచర్ దాన్ని బాలబడి అంటారు. ఆరేళ్లలోపు పిల్లలు ముప్పై ఒక్కమంది పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్కడే తింటారు, పడుకుంటారు, పాడతారు, సుద్దముక్కతో నేల మీద అక్షరాలు దిద్దుతారు. తల్లులు వారానికి ఒక డబ్బాడు బియ్యం తెచ్చిస్తారు. తేలేని వారం తేరు. ఎందుకు తేలేదని అక్కడ ఎవరూ అడగరు. గది మాత్రం వ్యాపారుల సంఘానిది. ఎప్పుడో ఖాళీగా పడి ఉంటే వాడుకోమన్నారు. ఈ ఏడు పంట విరగ్గాసింది, టిక్కీలు పేర్చడానికి చోటు చాలడం లేదు, సోమవారానికల్లా గది ఖాళీ చేయండన్నారు. మిరపకాయల బస్తాను మా వైపు టిక్కీ అంటారు. టిక్కీకి నీడ కావాలి. పిల్లలకెందుకు?

టీచర్ దగ్గర పని నేర్చుకుంటున్న షాహీన్ ఆ కబురు విన్న రాత్రే ఒక నోటుపుస్తకం నిండా వాదనలు రాసింది. మర్నాడు వాటిని ముందు పెట్టుకుని అడిగింది. సంఘం పెద్ద అంకినీడు గారు పిల్లల్ని తల్లుల పక్కనే కూచోబెట్టుకోమంటున్నారు, అది కుదరకపోతే మెయిన్ రోడ్డులో ప్లేస్కూలు ఉందిగా అంటున్నారు. తొడిమలు తీసే మనిషి నెల కూలంతా పోసినా ఆ ప్లేస్కూలు గేటు దాటలేదని ఆయనకు తెలియదా? ఇలాంటి మనిషికి ఏ జవాబు చెబితే దిగివస్తాడు?

దీనమ్మ టీచర్‌కు వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా ముందు గోడగడియారం వైపు చూస్తారు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. అప్పుడూ అలాగే చూసి, "రేపు సాయంత్రం ఐదింటికి రమ్మను. గది కొలుచుకోవడానికి టేపు కూడా తెచ్చుకోమను. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు" అన్నారు. ఈ మూడింట్లో చివరిదే కష్టమని షాహీన్‌కు అప్పుడే తెలిసిపోయింది.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. గడప బయట ఒక చిప్పలో నూనె, సబ్బు, నీళ్ల తొట్టి ఉంటాయి. కొట్టు నుంచి వచ్చిన తల్లి మిరప ఘాటు వదిలేలా ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుని, చేతులు ముందుకు చాపి నిలబడాలి. రోజుకొక పిల్ల గడప పెద్ద. ఆ పెద్ద రెండు అరచేతులూ వాసన చూసి "రా" అంటేనే లోపలికి. లేదంటే మళ్లీ తొట్టి దగ్గరికి. చిన్నదైనా, తొలిరోజు వచ్చినదైనా ఆ మాటకు తిరుగు లేదు.

అంకినీడు గారు నేరుగా కొట్టు నుంచి వచ్చారు. పొద్దుట నుంచి బేరానికొచ్చిన సరుకును కాయ కాయగా తుంచి, గింజా రంగూ చూసిన చేతులవి. ఆ రోజు గడప పెద్ద ఐదేళ్ల కెజియా. దాని ముందు నిలబడి ఉన్నది దాని తల్లి ఏసురత్నమే. లోపల పది నెలల పిల్లాడు అమ్మ గొంతు విని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏసురత్నం రవికె పాలతో తడిసిపోయి ఉంది. కెజియా తల్లి చేతులు వాసన చూసి, కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. ఏసురత్నం బతిమాలలేదు, కసరలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ నూనె రాసుకుంది. ఏడుస్తున్న తమ్ముడి వైపు తిరిగి చూడకుండా నిలబడ్డ ఆ పిల్లనూ, ఆ తల్లినీ చూశాక, చదువంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నేను ఇంకో ఉదాహరణ వెతుక్కోను.

అంకినీడు గారికి మాత్రం నవ్వొచ్చింది. "ఏందమ్మా, కన్నతల్లినే ఆపేస్తివి? ఈ గది ఎవరిదో తెలుసా నీకు?" అంటూ టేపు పట్టుకుని గడపలో కాలు పెట్టబోయారు.

కెజియా కదల్లేదు. "చేతులు చూపీ తాతా."

చూపక తప్పలేదు. అది వాసన చూసి ముక్కు చిట్లించింది. ఆయన ఇంకా పెద్దగా నవ్వి, ముప్పై ఏళ్లుగా కాయలో మునిగిన చేతులు తనవని, ఘాటు ఇక తనకెక్కదని చెబుతూ కనుకొసన పట్టిన చెమటను వేలితో తుడుచుకున్నారు. మిరప వ్యాపారి మాత్రమే చేయగల తప్పు అది. తక్కినవాళ్లకు అంత ధీమా ఉండదు. మరుక్షణం టేపు కిందపడింది. పెద్దమనిషి కన్ను మూసుకుని గడప బయటే కూలబడ్డారు. రెండో చెయ్యి కూడా కంటి మీదికి పోబోతుంటే కెజియా ఆ మణికట్టు పట్టుకుంది.

"రుద్దొద్దు తాతా. ఏడువు. ఏడిస్తే పోద్ది."

టీచర్ చల్లటి మజ్జిగలో తడిపిన గుడ్డ తెచ్చి ఆయన కంటి మీద వేశారు. ఆయన పక్కనే గొంతుక్కూచుని, ఓదార్చడానికే కాబోలు, కెజియా తన తమ్ముడి సంగతి చెప్పింది. టీచర్‌కి జ్వరమొచ్చి బడి మూసిన రోజు అమ్మ వాణ్ని కొట్లో తన పక్కనే పడుకోబెట్టుకుందట. వాడికి రుద్దొద్దంటే తెలియదు. ఎంత ఏడ్చినా వాడికి పోలేదట, రాత్రయినా పోలేదట.

ఈలోగా ఏసురత్నం మళ్లీ వచ్చి చేతులు చాపింది. కెజియా లేచి వాసన చూసి "రా" అంది. లోపల ఏడుపు ఆగిపోయింది. బయట అంకినీడు గారు కంటి మీది గుడ్డ తీసి పక్కన పెట్టారు. తర్వాత లేచి, నూనె రాసుకుని, చేతులు కడుక్కున్నారు. కానీ లోపలికి రాలేదు. టేపు ఏరుకుని జేబులో వేసుకుని, సంఘంలో మాట్లాడి చూస్తానని మాత్రం చెప్పి వెళ్లిపోయారు.

షాహీన్ అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా వెళ్లగక్కింది. ఆయన మాటిచ్చాడా? లేదు. సంఘంలో ఇంకా పదకొండు మంది ఉన్నారు, సోమవారం మూడు రోజుల్లో ఉంది, ఆయనొక్కడి కన్ను మండితే గది మిగులుతుందా? పోనీ, ఊళ్లోవాళ్లను కూడగడదామంటే వాళ్లకు మనమేం చెప్పాలి?

దీనమ్మ టీచర్ నోటుపుస్తకం తెరవలేదు. చిప్పలో నూనె తగ్గితే పోశారు. తొట్టి నింపారు.

"చెప్పడానికేం లేదమ్మా. ఆ పదకొండు మందినీ, ఊళ్లోవాళ్లనీ, ఈ సంగతి విని అయ్యో అన్నవాళ్లందర్నీ రేపు ఐదింటికి రమ్మను. వేరే ఊరివాళ్లయితే వాళ్ల వీధిలో ఉన్న ఇలాంటి గదికే పొమ్మను. లోపలికి పోకముందు గడప దగ్గర చేతులు చాపి నిలబడమను. ఆపైన పిల్లలు చూసుకుంటారు."